పిల్లలను ఫుట్‌బాల్ కోచింగ్‌లో చేర్చే ముందు

(మాధవరంలో తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



రక్తపోటు గురించో, చక్కెర జబ్బు గురించో మాట్లాడవలసిన చోట ఈ రోజు ఫుట్‌బాల్ గురించి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. వార్డులో పెద్దవాళ్ళ మంచం పక్కన కూర్చున్న తండ్రులు మందుల చీటీతోపాటు అప్పుడప్పుడు ఇంకొక కాగితం కూడా చూపిస్తుంటారు. అది ఏదో ఒక కోచింగ్ సెంటర్ కరపత్రం. "మావాడు బాల్ బాగా ఆడతాడు సార్. ఆదోనిలో చేర్పించమంటారా, ఎమ్మిగనూరులోనా, లేకపోతే బెంగుళూరు హాస్టల్‌కు పంపించమంటారా?" అని అడుగుతారు.

చూడటానికి ఇది డబ్బు గురించిన ప్రశ్న. నిజానికి ఇది ఆరోగ్యం గురించిన ప్రశ్న. వారానికి నాలుగైదు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున మీ బిడ్డ ఒళ్ళును, మనసును మరొకరి చేతికి అప్పగిస్తున్నారు. బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి చూస్తాము. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాము, నడిపించి చూస్తాము. బిడ్డను అప్పగించేటప్పుడు కరపత్రంలోని కప్పుల బొమ్మలు చూసి ఊరుకోకూడదు కదా. ఎలా చూడాలో, ఏమి అడగాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆట కావాలి, కోచింగ్ తప్పనిసరి కాదు

5 నుండి 17 సంవత్సరాల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పరుగు, గంతులు, బంతాట వల్ల ఎముకలు గట్టిపడతాయి, గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి, నిద్ర బాగా పడుతుంది. ఈ 60 నిమిషాలు ఊరి బయట బీడులో ఆడినా వస్తాయి, బడి ఆవరణలో ఆడినా వస్తాయి. కాబట్టి కోచింగ్‌లో చేర్చలేకపోయామని ఏ తల్లీ తండ్రీ బాధపడనవసరం లేదు. పదకొండు, పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఒక్క ఆటకే అంటిపెట్టుకోకుండా కబడ్డీ, ఖోఖో, పరుగు, ఈత అన్నీ ఆడటమే మంచిది. ఒకే ఆట ఏడాది పొడుగునా ఆడితే ఒకే కీలు, ఒకే కండరం అరిగిపోతుంది.

మన తెలుగు నేల చెప్పే పాఠాలు

మన దేశపు ఫుట్‌బాల్‌కు గొప్ప రోజులు తెచ్చిన కోచ్ హైదరాబాదువాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా ఆయన కథే. ఆయన మొదట బడిపంతులు అన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. మంచి కోచ్ అంటే ముందు మంచి ఉపాధ్యాయుడు.

ఆయన శిష్యులలో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఒకరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన ఆటగాడు. అంతటివాడు 1963లో, 27 ఏళ్ళ వయసుకే, ప్లూరసీ అనే జబ్బు వల్ల ఆట మానవలసి వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాయడాన్ని ప్లూరసీ అంటారు. ఎంత నైపుణ్యం ఉన్నా ఒళ్ళు సహకరించకపోతే ఆట ఆగిపోతుంది. మన దేశంలో ఈ జబ్బుకు క్షయ ఒక ముఖ్య కారణం. పిల్లవాడికి రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కోచింగ్ సంగతి పక్కనపెట్టి ముందు పరీక్ష చేయించండి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇక ఈ కాలపు మాట. నిజామాబాద్ జిల్లా నుండి వచ్చిన గిరిజన యువతి గుగులోత్ సౌమ్య 2022లో యూరప్‌లోని క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. ఆమె మొదట పరుగుపందేల పిల్ల. ఆమెకు బంతాట పట్టుబడింది పెద్ద నగరంలో కాదు, జిల్లా స్థాయి మైదానంలోనే. పెద్ద ఊరు, పెద్ద ఫీజు ఉంటేనే మంచి శిక్షణ దొరుకుతుందని అనుకోవద్దు.

మన పక్క జిల్లా అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ క్రీడా గ్రామంలో స్పెయిన్ దేశపు టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఒక టెన్నిస్ బడి ప్రారంభించింది. పేద పిల్లలకు అక్కడ ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు పాఠాలు కూడా పెట్టారు. ఆట పిల్లవాడి చదువును మింగకూడదు, దానికి తోడుగా ఉండాలి అన్నదే అందులోని నీతి.

మొదట డాక్టరుకు చూపించండి

ఏ కోచింగ్‌లోనైనా చేర్చే ముందు ఒకసారి బిడ్డను డాక్టరుకు చూపించండి. ఈ క్రింది విషయాలలో ఏ ఒక్కటి ఉన్నా దాచకుండా చెప్పండి.

- పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయాడా? గుండెలో నొప్పి, దడ వచ్చిందా?
- మీ వంశంలో ఎవరైనా చిన్న వయసులోనే ఉన్నట్టుండి చనిపోయారా?
- గొంతునొప్పి తరువాత జ్వరంతో మోకాళ్ళు, మోచేతులు మార్చిమార్చి వాచాయా? ఇది గుండె కవాటాలను దెబ్బతీసే కీళ్ళవాత జ్వరం కావచ్చు.
- ఉబ్బసం, మూర్ఛ ఉన్నాయా?
- కనురెప్పల లోపల, గోళ్ళలో తెలుపు కనిపిస్తున్నదా? ఇది రక్తహీనత గుర్తు.

వీటిలో చాలా వరకు వైద్యంతో సరిపోతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలు కూడా మందు వాడుతూ బాగా ఆడగలరు. ప్రమాదమంతా దాచిపెట్టడంలోనే ఉంది.

ఒక సాయంత్రం గ్రౌండ్ దగ్గర నిలబడండి

ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఈ మాట గుర్తుంచుకోండి. ఫీజు కట్టక ముందు, చెప్పకుండా వెళ్ళి, ఒక సాయంత్రమంతా గ్రౌండ్ పక్కన నిలబడండి. అందరికంటే బాగా ఆడే పిల్లవాడిని చూడకండి. అందరికంటే తక్కువ ఆడే పిల్లవాడిని చూడండి. వాడి కాలికి బంతి ఎన్నిసార్లు అందుతున్నది? తప్పు చేస్తే కోచ్ ఏమంటున్నాడు? దగ్గరికి పిలిచి చూపిస్తున్నాడా, నలుగురిలో తిడుతున్నాడా? ఆట ముగిశాక వాడు నవ్వుతూ వెళ్తున్నాడా, తల వంచుకుని వెళ్తున్నాడా? బాగా ఆడేవాడిని ఎవరైనా బాగానే చూసుకుంటారు. మీ బిడ్డకు బాగా ఆడలేని రోజు వచ్చినప్పుడు, జ్వరం వచ్చి లేచినప్పుడు, కాలు బెణికినప్పుడు అక్కడ ఎలా చూస్తారో ఆ వెనుకబడిన పిల్లవాడే మీకు చెబుతాడు.

ఇంకా ఇవి గమనించండి.

బంతులు: ముప్పై మంది పిల్లలకు ఒకటే బంతి ఉంటే అది శిక్షణ కాదు, వరుసలో నిలబడటం. ఎనిమిదేళ్ళలోపు వారికి 3వ సైజు, సుమారు పన్నెండేళ్ళ వరకు 4వ సైజు, ఆపైన 5వ సైజు బంతి వాడతారు. చిన్న కాళ్ళకు పెద్ద బంతి ఇస్తే మోకాలిపై భారం పడుతుంది.

వేడెక్కడం: ఆటకు ముందు పదిహేను, ఇరవై నిమిషాలు మెల్లని పరుగు, ఒంటికాలిపై నిలబడటం, గంతులు వంటివి చేయిస్తున్నారా? ఇటువంటి క్రమబద్ధమైన కసరత్తు చేయించిన జట్లలో పిల్లల గాయాలు దాదాపు సగానికి తగ్గినట్లు ఐరోపాలో 7 నుండి 12 ఏళ్ళ వారిపై చేసిన పరిశోధనలో తేలింది.

తలతో కొట్టడం: అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లో పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలు తలతో బంతి కొట్టడాన్ని నిలిపివేసింది. ఇంగ్లండు 2020లో ప్రాథమిక పాఠశాల వయసువారికి శిక్షణలో అది వద్దని చెప్పింది. చిన్నపిల్లలతో పదేపదే తలతో కొట్టించే కోచ్‌ను ఎందుకని అడగండి.

నేల: రాళ్ళు, గాజుపెంకులు, ముళ్ళకంప ఉన్నాయా? గోల్ స్తంభాలు కదలకుండా పాతారా? మరుగుదొడ్డి, త్రాగునీరు ఉన్నాయా?

కోచ్‌ను అడగవలసినవి

మొహమాటపడకండి. మంచి కోచ్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు.

1. మీరు ఎక్కడ శిక్షణ పొందారు? అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు 'డి', 'సి' మొదలైన లైసెన్సులు ఇస్తుంది. 1961లో స్థాపించిన పాటియాలా జాతీయ క్రీడా సంస్థ కూడా కోచింగ్ కోర్సులు నడుపుతుంది. కాగితం అడిగి చూడండి. ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడినంత మాత్రాన పిల్లలకు నేర్పడం వచ్చినట్లు కాదు.
2. ప్రథమ చికిత్స తెలిసినవారు రోజూ గ్రౌండ్‌లో ఉంటారా? మందుల పెట్టె, మంచుగడ్డ, ఆసుపత్రికి తీసుకువెళ్ళే బండి ఉన్నాయా?
3. వారానికి ఎన్ని గంటలు? బిడ్డ వయసు ఎన్ని సంవత్సరాలో వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ వద్దని పిల్లల క్రీడా వైద్యులు చెబుతారు. పదేళ్ళవాడికి మ్యాచ్‌లతో కలిపి పది గంటలే. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి.
4. మధ్యలో మానుకుంటే డబ్బు వాపసు ఇస్తారా? రసీదు ఇస్తారా?
5. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా? "వద్దు" అన్న చోట చేర్చవద్దు.

ఎండ, దెబ్బలు

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఎండ మీకు తెలియనిది కాదు. వేసవి క్యాంపులు సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే పెడతారు. ఆ నెలల్లో ఆట ఉదయం ఏడున్నరలోపు ముగియాలి, లేదా సాయంత్రం ఐదు దాటాక మొదలు కావాలి. ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు నీళ్ళు త్రాగించాలి. "నీళ్ళు తాగితే ఆయాసం వస్తుంది, ఆట అయ్యాక తాగు" అనే కోచ్ దగ్గర బిడ్డను ఉంచవద్దు. ఒళ్ళు కాలిపోతూ, తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి, 108కు ఫోను చేయండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఒక్కసారిగా పొడుగు పెరుగుతారు. అప్పుడు మోకాలి చిప్ప క్రింద బొడిపెలాగా వాచి నొప్పి రావడం, మడమ వెనుక నొప్పి రావడం మామూలు. విశ్రాంతితో, ఆట తగ్గించడంతో అది తగ్గుతుంది. నొప్పిమాత్ర వేసి ఆడించడం తప్పు. పిల్లల ఎముకల చివర పెరిగే మెత్తని భాగం ఉంటుంది. అక్కడ విరిగితే కాలు పొట్టిగానో వంకరగానో పెరిగే ప్రమాదం ఉంది. కట్టు ఎక్కడ కట్టించుకున్నా సరే, ముందు ఎక్స్-రే తీయించండి. వాచిన చోట నూనె పోసి గట్టిగా తోమవద్దు.

తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, తలనొప్పి, మతిమరుపు కనిపిస్తే ఆ రోజు మళ్ళీ ఆటలోకి పంపకూడదు. నేరుగా ఆసుపత్రికి తీసుకురావాలి.

మాట, చేయి, భద్రత

కొట్టి నేర్పితేనే ఆట వస్తుందనే నమ్మకం మనలో ఇంకా ఉంది. దెబ్బల వల్ల భయం వస్తుంది, ఆట రాదు. ఇంకొక మాట చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. కోచ్ బిడ్డను ఒంటరిగా గదికి పిలవడం, రహస్యంగా ఫోను మాట్లాడటం, బహుమతులు ఇవ్వడం, దూర ప్రయాణాల్లో తన గదిలోనే పడుకోబెట్టడం మంచి గుర్తులు కావు. మగపిల్లలకు కూడా ఈ ప్రమాదం ఉంది. ఇటువంటి నేరాల నుండి పిల్లలను కాపాడటానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. 1098 పిల్లల సహాయ నంబరు. ఉన్నట్టుండి బిడ్డ గ్రౌండ్‌కు పోనని ఏడిస్తే "ఫీజు కట్టాము, పో" అనకండి. ప్రక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

హాస్టల్ అకాడమీలు, ట్రయల్స్

మన పల్లెల్లో చాలా కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు పోతాయి. పిల్లవాడికి ఎక్కడైనా హాస్టల్ దొరికితే చాలు, తిండికి, చదువుకు లోటుండదు అనుకుంటారు. ఆ అవసరం మేము ఎరుగుదుము. ఆ అవసరాన్ని చూసే కొందరు "మీవాడు ఎంపికయ్యాడు, ఇంత కట్టండి" అని చెబుతారు. ఎంపిక ఖాయం అని, ఉద్యోగం ఖాయం అని ముందే డబ్బు అడిగితే అది నమ్మదగిన మాట కాదు. హాస్టల్ గది, వంటిల్లు, మరుగుదొడ్లు మీ కళ్ళతో చూడండి. పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ఆ బడికే వెళ్ళి అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అకాడమీలకు గుర్తింపు ఇస్తుంది. తమకు గుర్తింపు ఉందని చెబితే ఏ సంవత్సరపు గుర్తింపో చూపించమనండి.

కొందరు వయసు తగ్గించి సర్టిఫికెట్ తెమ్మంటారు. ఒప్పుకోవద్దు. మణికట్టు ఎక్స్-రేతో ఎముకల వయసు పట్టుకునే పరీక్షలు ఫుట్‌బాల్‌లో వాడుకలో ఉన్నాయి. దొరికితే ఆ మచ్చ బిడ్డకే మిగులుతుంది. పైగా వాడికంటే చిన్నపిల్లలకు దెబ్బలు తగులుతాయి.

ఖర్చు లెక్క

నెలకు 1,000 రూపాయల ఫీజు అనుకుందాం. ఏడాదికి 12,000. బూట్లు, కాలికవచాలు, బట్టలు, బస్సు చార్జీలు, టోర్నమెంటు ప్రయాణాలు కలిపితే దానికి రెట్టింపు కావచ్చు. ఇల్లు గడవడం కష్టమైతే, వడ్డీకి తెచ్చి కట్టవద్దు. అప్పు చేసి పంపిన ఇంట్లో బిడ్డ ఆట ఆట కాదు, బాకీ అవుతుంది. మాధవరం నుండి ఎమ్మిగనూరుకు గాని, ఆదోనికి గాని రోజూ పోయి రావడానికి పట్టే సమయం కూడా లెక్కవేయండి. ఆ సమయంలో నిద్ర, హోంవర్కు పోతున్నాయేమో చూడండి.

ముందుగా మీ బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడిని కలవండి. బడి ఆటల పోటీలు మండల స్థాయి నుండి రాష్ట్ర స్థాయి వరకు ఉంటాయి. ప్రతిభ ఉన్న చిన్నపిల్లల కోసం కడప పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. ఎంపికలు ఎప్పుడో ఆయననే అడిగి తెలుసుకోండి.

ఆడపిల్లలు, తిండి

ఆడపిల్ల బంతాట ఆడితే శరీరం పాడవుతుందనేది అపోహ. నెలసరి రోజుల్లో కూడా తనకు ఓపిక ఉంటే ఆడవచ్చు. అయితే గ్రౌండ్‌లో బట్టలు మార్చుకునే చోటు, ఒక మహిళా కోచ్ లేదా ఆయా ఉన్నారా అని చూడండి. రక్తహీనత లేకుండా చూసుకోండి.

డబ్బాల్లో అమ్మే పొడులు పిల్లలకు అవసరం లేదు. కండలకని ఇచ్చే ఇంజక్షన్లు ప్రమాదం. జొన్నరొట్టె, కొర్రన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, బెల్లంతో గుప్పెడు బుడ్డలు చాలు. ఆటకు రెండు గంటల ముందు తినాలి. ఖాళీ కడుపుతో ఆడించవద్దు.

చివరిగా

ఒక్కసారే ఏడాది ఫీజు కట్టకండి. ఒక నెల పంపి చూడండి. నెలాఖరున బిడ్డను మూడు ప్రశ్నలు అడగండి. ఏమి నేర్చుకున్నావు? అక్కడ నీ స్నేహితులెవరు? రేపు వెళ్ళాలని ఉందా? ఎన్ని గోల్స్ కొట్టావని మాత్రం మొదట అడగకండి. వందమందిలో ఒక్కరు కూడా జట్టుకు ఎంపిక కాకపోవచ్చు. కానీ ఆ వందమందికీ గట్టి గుండె, నిటారైన వెన్ను, ఓడినా లేచే మనసు రావాలి. మీరు ఎంచుకున్న చోటు ఆ పని చేస్తున్నదా లేదా అన్నదే అసలు కొలత.

సందేహం ఉంటే మీ బిడ్డను, ఆ కరపత్రాన్ని వెంటబెట్టుకుని మా బయటి రోగుల విభాగానికి రండి. ఇద్దరం కలిసి చూద్దాం.